వచ్చనుకున్న ఇంగ్లిష్ దగ్గరే ఆగిపోతున్న బ్యాండ్

స్కిల్డ్ వర్కర్ వీసాకు కావాల్సిన ఇంగ్లిష్ స్థాయిని బ్రిటన్ 2026 జనవరి 8 నుంచి బీ1 నుంచి బీ2కు పెంచింది. ఐఈఎల్‌టీఎస్ పరీక్ష బ్యాండ్ (స్కోరు) లెక్కలో చెప్పాలంటే, నాలుగు విభాగాల్లోనూ 4.0 వస్తే సరిపోయేది, ఇప్పుడు 5.5 కావాలి. హైటెక్ సిటీలో కూర్చుని చూస్తే ఇది సాఫ్ట్‌వేర్ వాళ్లకు వచ్చిన చిక్కు అనిపిస్తుంది. నిజానికి వాళ్లలో చాలామందికి దీనితో పెద్దగా పనిపడదు. బీటెక్ ఇంగ్లిష్‌లోనే చదివామని ఎక్టిస్ సంస్థ ద్వారా ధ్రువీకరించుకుంటే పరీక్ష రాయకుండానే ఆ షరతు తీరుతుంది. కంపెనీయే తన లండన్ ఆఫీసుకు బదిలీ చేస్తే, ఆ వీసాకు ఇంగ్లిష్ షరతే లేదు.

అదే ఐటీ కారిడార్‌లో, పక్క వీధి హాస్టల్ నుంచి గచ్చిబౌలిలోని కార్పొరేట్ ఆస్పత్రికి నైట్ డ్యూటీకి వెళ్లే నర్సు పరిస్థితి వేరు. హైదరాబాద్ నుంచి నేరుగా బ్రిటన్‌లో నర్సుగా నమోదు కావాలంటే ఆమె పరీక్ష రాయాల్సిందే. ఐఈఎల్‌టీఎస్‌లో చదవడం, వినడం, మాట్లాడటం ఒక్కోదానిలో 7, రాయడంలో 6.5 తెచ్చుకోవాలి. ఆరోగ్య రంగం వాళ్ల కోసమే పెట్టిన ఓఈటీ రాస్తే మూడింటిలో బీ గ్రేడ్, రాతలో సీ ప్లస్ రావాలి. డాక్టరుకైతే బ్రిటన్ మెడికల్ కౌన్సిల్ ఐఈఎల్‌టీఎస్‌లో మొత్తం మీద 7.5 అడుగుతుంది, ఏ విభాగంలోనూ 7కు తగ్గకూడదు. అమెరికాలో రెసిడెన్సీకి వెళ్లే మన ఎంబీబీఎస్ పిల్లలు ఒకప్పుడు స్టెప్ 2 సీఎస్ అనే పరీక్ష కోసం అక్కడిదాకా వెళ్లి రాసి వచ్చేవారు. 2021 జనవరిలో ఆ పరీక్షను పూర్తిగా ఎత్తేశారు. విదేశీ పట్టభద్రుల భాషను తూచే పని ఇప్పుడు ఓఈటీ మెడిసిన్ చేస్తోంది. అమెరికా లైసెన్సు కోరే ఫార్మసీ పట్టభద్రులను టోఫెల్ స్పీకింగ్‌లో 30కి 26 అనే గీత ఏళ్ల తరబడి నిలబెట్టేసింది. వీసాకు 5.5 చాలు, వృత్తికి 7 కావాలి. మన పిల్లల ఏళ్లూ డబ్బూ ఖర్చయిపోతున్నది ఆ రెండింటి మధ్యే.

మనవాళ్లు అక్కడే ఎందుకు ఆగిపోతున్నారు? ఇంగ్లిష్‌ను మనం ఇప్పటికే వచ్చిన భాష కింద జమకట్టుకున్నాం. చదివింది ఇంగ్లిష్ మీడియం, పరీక్షలు రాసింది ఇంగ్లిష్‌లో, ఉద్యోగం ఇంగ్లిష్‌లో, ఇక కొత్తగా నేర్చుకునేదేముందన్న ధీమా. పేపర్ ఎలా ఉంటుందో చూసుకుంటే చాలు, ఓ నెల కోచింగ్ తీసుకుంటే అయిపోతుందనుకుంటాం. ఆ పరీక్ష ఏం కొలుస్తుందో దగ్గరగా చూస్తే ఈ లెక్క ఎక్కడ తప్పుతోందో తెలుస్తుంది.

ఓఈటీ రాత పరీక్ష 45 నిమిషాలు. మొదటి 5 నిమిషాలు కేస్ నోట్స్ చదువుకోవడానికే, పెన్ను పట్టకూడదు. తర్వాత 180 నుంచి 200 మాటల్లో ఒక ఉత్తరం రాయాలి. ఒక నమూనా ఊహించుకుందాం. 68 ఏళ్ల పెద్దాయన జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకున్నాడు. ఆపరేషన్ అయింది, రేపు డిశ్చార్జి. నోట్స్‌లో చాలా ఉంటాయి: షుగర్ ఉంది, రెండో రోజు వాంతులై తగ్గాయి, ముప్పై ఏళ్ల కిందట అపెండిక్స్ తీశారు, కుట్లు పొడిగా ఉన్నాయి, ఇల్లు రెండో అంతస్తులో, లిఫ్ట్ లేదు, భార్యకు మోకాళ్ల నొప్పులు. ఇంటికొచ్చి చూసే నర్సుకు ఉత్తరం రాయాలి. సాధన కొత్తగా మొదలుపెట్టిన అమ్మాయి చేరిన రోజు నుంచి మొదలుపెట్టి తారీఖుల వరసలో అన్నీ ఎక్కిస్తుంది. వాంతులూ వస్తాయి, అపెండిక్సూ వస్తుంది. 200 మాటలు అయిపోయేసరికి లిఫ్ట్ లేని సంగతికి చోటుండదు. ఉత్తరం అందుకున్న నర్సుకు అన్నిటికన్నా ముందు కావాల్సింది అదే. కట్టు ఎవరు మారుస్తారు, షుగర్ ఎన్నిసార్లు చూడాలి, ఈయన ఆ మెట్లు ఎలా దిగుతాడు, మోకాళ్లు పట్టేసిన భార్య ఆయన్ను ఎంతవరకు లేపగలదు అన్నవి మొదటి పేరాలోనో రెండో పేరాలోనో కనిపించాలి.

ఈ ఉత్తరాన్ని ఆరు కోణాల్లో దిద్దుతారు. ఎందుకు రాస్తున్నారో వెంటనే తెలుస్తోందా, కావాల్సిన విషయం ఉందా, అక్కర్లేనిది వదిలేశారా, చదివేవాళ్లకు తగ్గ తీరులో ఉందా, అమరిక బాగుందా అన్నవి అయిదు. వ్యాకరణం, స్పెల్లింగు, పదాల ఎంపిక అన్నీ కలిపి ఆరోది. ఒక్క తప్పూ లేని ఇంగ్లిష్‌లో రాసిన ఉత్తరానికి కూడా కావాల్సిన గ్రేడ్ ఎందుకు రాదో ఇక్కడే అర్థమవుతుంది. ఏది ముందు చెప్పాలి, ఏది వదలాలి అని తేల్చుకోవడం నర్సింగ్ పనిలో భాగం. మన కాలేజీల్లో ఆ పని చేయించే పరీక్ష దాదాపు ఉండదు. ఐఈఎల్‌టీఎస్ రాతలో ఒకప్పుడు 7 అడిగిన బ్రిటన్ నర్సింగ్ కౌన్సిల్, 2017 నవంబరులో ఓఈటీని అంగీకరించింది, 2018 డిసెంబరులో రాత స్కోరును 6.5కు దించింది. మంచి నర్సులు ఆ ఒక్క అర బ్యాండ్ దగ్గరే ఆగిపోతున్నారని నియంత్రణ సంస్థకే అర్థమైందన్నమాట.

ఓఈటీ మాట్లాడే పరీక్షలోనూ ఇలాంటిదే మరో ఇబ్బంది ఉంది. రెండు రోల్‌ప్లేలు, ఒక్కోటీ సుమారు అయిదు నిమిషాలు. ఎదురుగా కూర్చున్న మనిషి పేషెంటు వేషంలో ఇన్సులిన్ వద్దే వద్దంటాడు. మందు పేరు, మోతాదు గడగడా చెప్పేస్తే మార్కులు రావు. ఆయన భయమేమిటో ముందు అడగాలి, విన్నట్టు కనిపించాలి, ఆ భయాన్ని లెక్కలోకి తీసుకునే మాట చెప్పాలి. భాషకు నాలుగు ప్రమాణాలుంటే, రోగితో మాట్లాడే తీరుకు అయిదు ఉన్నాయి. మన నర్సులకు ఈ నేర్పు లేదనడం అన్యాయం. "సూదంటే భయమా పెద్దాయనా? ఇంట్లో ఎవరికైనా ఇచ్చారా? ఏమైంది?" అని తెలుగులో అడిగి ఒప్పించే అమ్మాయిలు ప్రతి వార్డులో ఉన్నారు. వాళ్ల డ్యూటీలో ఇంగ్లిష్ ఫైలుకు, డాక్టరుకు, షిఫ్ట్ అప్పగింతకు పరిమితం. రోగి మంచం దగ్గర తెలుగు, హిందీ, ఉర్దూ నడుస్తాయి. భయపడుతున్న మనిషిని ఇంగ్లిష్‌లో ఓదార్చాల్సిన అవసరం వాళ్లకు ఉద్యోగంలో దాదాపు రాదు. పరీక్ష సరిగ్గా ఆ ఇంగ్లిష్‌నే అడుగుతుంది.

సాఫ్ట్‌వేర్ ఇంజినీరుకు వీసా షరతు తేలిగ్గా తీరినా, స్థిరపడాలనుకున్నప్పుడు ఇదే గోడ ఎదురవుతుంది. కెనడా పాయింట్లలో సీఎల్‌బీ అనే భాషా కొలమానం 9 కావాలంటే ఐఈఎల్‌టీఎస్ వినడంలో 8, మిగతా మూడింటిలో 7 రావాలి. ఆస్ట్రేలియాలో అన్నిటా 7 వస్తే 10 పాయింట్లు, అన్నిటా 8 వస్తే 20. రోజూ రాత్రి క్లయింట్ కాల్‌లో ధారాళంగా మాట్లాడే కుర్రాడికి మాట్లాడటంలో 7.5 వచ్చి, రాయడంలో 6.5 దగ్గర మూడుసార్లు ఆగిపోవడం ఈ కారిడార్‌లో మామూలు కథ. అతను రోజంతా రాసేవి చాట్‌లో ముక్కలు, టికెట్ కింద రెండు లైన్ల కామెంట్లు, పాత మెయిల్‌ను కాస్త మార్చి పంపే మెయిళ్లు. పరీక్ష 40 నిమిషాల్లో 250 మాటల వ్యాసం అడుగుతుంది. ఒక వైపు నిలబడి, ఎందుకో చెప్పి, అవతలి వాదాన్ని కూడా పట్టించుకుని ముగించాలి. ఇంజినీరింగ్‌లో చేరాక అతను అలాంటిదొక్కటీ రాసి ఉండడు. "ఐ యామ్ హ్యావింగ్ ఫైవ్ ఇయర్స్ ఎక్స్‌పీరియన్స్", "డిస్కస్ అబౌట్", "రివర్ట్ బ్యాక్" లాంటివి ఆఫీసులో అందరూ అనేవే, అందరికీ అర్థమయ్యేవే కనుక ఎవరూ దిద్దరు. యాస గురించి మాత్రం అనవసరంగా బెంగపడతాం. మాట స్పష్టంగా అందుతోందా అన్నదే పరీక్షకు ముఖ్యం. తెలుగు యాస ఉన్నంత మాత్రాన బ్యాండ్ పోదు.

దీని వేళ్లు ఇంటర్మీడియట్‌లో ఉన్నాయి. ఈఏపీసెట్, నీట్, జేఈఈల మధ్య ఇంగ్లిష్ చివరి నెలలో బట్టీ పట్టే సబ్జెక్టయింది. గైడులో ఉన్న సారాంశమే జవాబు పత్రంలోకి ఎక్కుతుంది. తెలంగాణ ఇంటర్ బోర్డు 2023-24 నుంచి ఇంగ్లిష్‌కూ 20 మార్కుల ప్రాక్టికల్స్ పెట్టడం మంచి అడుగే. జేఎన్‌టీయూ మొదటి ఏడాదిలో కమ్యూనికేషన్ ల్యాబ్ పెట్టింది, మూడో ఏడాదిలో ఇంకోటి. భారతీయ నర్సింగ్ కౌన్సిల్ 2021 సిలబస్‌లో కమ్యూనికేటివ్ ఇంగ్లిష్ మొదటి సెమిస్టర్‌లోనే వచ్చి అక్కడితో అయిపోతుంది, విద్యార్థినికి వార్డులో రోగులతో మాట్లాడే అనుభవం ఇంకా పెద్దగా రాకముందే. 2022-23 నుంచి తెలంగాణ ప్రభుత్వ బడులన్నిటికీ ఇంగ్లిష్ మీడియం విస్తరించడం మొదలైంది. పుస్తకం ఇంగ్లిష్‌లోకి మారినంత మాత్రాన, పిల్లవాడు సొంతంగా పది వాక్యాలు రాయడం, టీచరు కూర్చుని వాటిని దిద్దడం అనే పని దానంతటదే జరగదు. అరవై మంది ఉన్న తరగతిలో అది కష్టమని తెలుసు. కష్టమని వదిలేసిన పనికి ఆ పిల్లవాడే ఇరవై అయిదేళ్ల వయసులో జీతం లోంచి ఫీజు కట్టుకుంటున్నాడు.

ఆ ఫీజు చేరుతున్నది కోచింగ్ సెంటర్లకు. అమీర్‌పేట, దిల్‌సుఖ్‌నగర్, కూకట్‌పల్లి, ఇప్పుడు మాదాపూర్, కొండాపూర్. వీటిలో ప్రతి ఉత్తరాన్నీ ఎర్ర పెన్నుతో దిద్ది, మళ్లీ రాయించే టీచర్లున్నారు. వాళ్ల దగ్గర చదివినవాళ్లు నిజంగా గట్టెక్కుతారు. టెంప్లేట్లు అమ్మేవాళ్లూ అంతకన్నా ఎక్కువే ఉన్నారు. ఏ ప్రశ్న వచ్చినా నడిచే వ్యాసం, ఖాళీలు నింపుకుంటే చాలు. బట్టీ పట్టిన వాక్యాలను గుర్తుపట్టడం ఐఈఎల్‌టీఎస్ దిద్దేవాళ్ల శిక్షణలోనే ఉంది. యంత్రమే మార్కులు వేస్తుందని పేరు తెచ్చుకున్న పీటీఈ అనే మరో ఇంగ్లిష్ పరీక్షలోనూ 2025 ఆగస్టు నుంచి కొన్ని రకాల ప్రశ్నలను మనుషులు కూడా చూస్తున్నారు. ఇక నర్సుల షిఫ్టులు వారం వారం మారతాయి. సాయంత్రం బ్యాచ్‌లో చేరిన అమ్మాయికి వచ్చే వారం మధ్యాహ్నం డ్యూటీ పడుతుంది. క్లాసులు పోతాయి, ఫీజు తిరిగి రాదు.

స్కోరు వచ్చాక కూడా గడువు పరుగెడుతూనే ఉంటుంది. సాధారణంగా రెండేళ్లే దాని ఆయుష్షు. 2024 తర్వాత బ్రిటన్ ఆస్పత్రుల్లో విదేశీ నర్సుల నియామకాలు బాగా తగ్గాయి. ఉద్యోగం ఎక్కడో తేలకముందే పరీక్ష రాసేయమని తొందరపెట్టే కన్సల్టెన్సీ మాట వింటే, ఆఫర్ వచ్చేనాటికి స్కోరు చెల్లకుండా పోవచ్చు. ఒక్క విభాగంలోనే తగ్గితే మొత్తం మళ్లీ రాయనక్కర్లేకుండా, 60 రోజుల్లోపు ఆ ఒక్కటే రాసే వీలు ఐఈఎల్‌టీఎస్ కల్పించింది. దాన్ని అన్ని సంస్థలూ ఒప్పుకోవు కనుక, డబ్బు కట్టేముందు తాను దరఖాస్తు చేసే కౌన్సిల్ వెబ్‌సైట్‌ను అభ్యర్థి స్వయంగా చూసుకోవాలి.

ఇక్కడ తెలంగాణ ప్రభుత్వం చేస్తున్న ఒక మంచి పనినే కొలబద్దగా తీసుకోవచ్చు. విదేశీ ఉద్యోగాల కోసం పెట్టిన ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ జర్మనీ, జపాన్ వెళ్లే నర్సులకు ఆ భాషలు నేర్పిస్తోంది. అక్షరాల నుంచి మొదలుపెట్టి నెలల తరబడి పాఠం చెబుతారు, స్థాయి తర్వాత స్థాయి దాటిస్తారు. జర్మన్ రాదని అందరూ ఒప్పుకున్నారు కాబట్టే దానికి సమయం, టీచరు, ప్రణాళిక దొరికాయి. ఇంగ్లిష్‌కూ అంతే ఓపిక కావాలి. తార్నాకలోని ఇఫ్లూ విశ్వవిద్యాలయం 1958లో కేంద్రీయ ఆంగ్ల సంస్థగా పుట్టిందే ఇంగ్లిష్ టీచర్లను తీర్చిదిద్దడానికి. ఇంగ్లిష్ నేర్పడంలో దేశానికే పెద్ద దిక్కయిన సంస్థ ఊళ్లోనే ఉండగా, నర్సింగ్ కాలేజీల్లో ఇంగ్లిష్ చెప్పేవాళ్లకు ఆస్పత్రి భాషలో శిక్షణ ఇప్పించడం అసాధ్యమేమీ కాదు.

బయటికి వెళ్లిపోయేవాళ్ల కోసం ప్రజాధనం ఎందుకు ఖర్చుపెట్టాలి అన్న ప్రశ్న వస్తుంది. మన ఆస్పత్రుల్లోనే నర్సులు చాలడం లేదు కాబట్టి అది న్యాయమైన ప్రశ్నే. ఇక్కడే ఉండిపోయే నర్సుకూ ఈ చదువు పనికొస్తుందన్నది నా జవాబు. గచ్చిబౌలిలో ఆపరేషన్ చేయించుకుని సూర్యాపేటకో వికారాబాద్‌కో వెళ్లే రోగి చేతిలో పెట్టే ఫైలు పది పేజీలుంటుంది. ఇంట్లో ఎవరికీ అర్థం కాదు, ఊళ్లో ఆర్‌ఎంపీ దాన్ని తిరగేసి వదిలేస్తాడు. కట్టు ఎప్పుడు మార్చాలి, ఏ మాత్ర ఆపాలి, ఏ లక్షణం కనిపిస్తే వెంటనే వెనక్కి రావాలి అన్నవి ఒక్క పేజీలో ఏరి చెప్పగల నర్సు ఆ కుటుంబానికి ఎంతో మేలు చేస్తుంది. ఇంగ్లిష్‌లో అలా ఏరడం నేర్చుకున్న మనిషి తెలుగులోనూ రాయగలదు.

కొత్త సిలబస్‌లో బీఎస్సీ నర్సింగ్ చివరి సెమిస్టర్ అంతా ఇంటర్న్‌షిప్పే. విద్యార్థిని అప్పుడు రోజూ వార్డులోనే, నిజమైన రోగుల మధ్య ఉంటుంది. వారానికి ఒక డిశ్చార్జి ఉత్తరం ఇంగ్లిష్‌లో, అదే రోగి ఇంటికి ఒక పేజీ తెలుగులో రాయించి, పేరు, గుర్తులు తీసేసి ఇద్దరు టీచర్లు దిద్దితే, డిగ్రీ చేతికొచ్చేసరికి ఆమె ఇరవై ఉత్తరాలు రాసి ఉంటుంది. ఈ ఏడాది బ్యాచ్‌తోనే దీన్ని మొదలుపెట్టవచ్చు.