సర్వరు అద్దె, మబ్బు అద్దె

ఈసారి గృహరుణాల వడ్డీ గురించి రాస్తానన్నాను. అది వచ్చే సంచికకు వాయిదా. చందాపురలో మన సభ్యులు ఎక్కడ కలిసినా సర్వరు మాటే ఎత్తుతున్నారు.

సంగతి మీకు తెలిసిందే. మన సభ్యుల జాబితా, పాత సంచికలు, పండుగల ఫొటోలు ఒక కంపెనీ దగ్గర ఏడాది అద్దెకు తీసుకున్న డెడికేటెడ్ సర్వరులో ఉండేవి. దాని డిస్కు చెడిపోయింది. బ్యాకప్ ఉందిగా అనుకుంటే, అదీ ఆ యంత్రంలోనే ఉందట! సంచికలు ప్రెస్సువారి దగ్గర దొరికాయి. నాలుగేళ్ల ఉగాది ఫొటోలు మాత్రం పోయాయి. వాటిలో ఇప్పుడు మన మధ్య లేని పెద్దలున్నారు.

ఇక క్లౌడుకు మారదామని కార్యవర్గం తీర్మానించి, "బ్యాంకు మనిషి కదా, కొటేషన్లు మీరే చూడండి" అంది. నేను బీకాం వాణ్ణి. ఎలక్ట్రానిక్ సిటీలో పనిచేసే పక్కింటి కుర్రాణ్ణి పిలిచాను. "డెడికేటెడ్ అంటే ఇల్లంతా అద్దెకు తీసుకోవడం అంకుల్, ఊరెళ్లినా అద్దె తప్పదు. క్లౌడ్ సత్రంలో గదిలాంటిది, ఉన్నన్నాళ్లకే" అన్నాడు. మన సైటుకు ఉగాదికీ దసరాకూ తప్ప జనం రారు గనక గదే మేలు.

అమెజాన్‌కు ముంబయిలో 2016 నుంచి, హైదరాబాదులో 2022 నుంచి కేంద్రాలున్నాయి. మైక్రోసాఫ్ట్, గూగుల్ కూడా దేశంలోనే ఉన్నాయి. అయితే వీరి రేటు చూసి మురిసిపోకండి. లోపలికి పెట్టడానికి రుసుం లేదు. ఉచిత పరిమితి దాటితే బయటికి వెళ్లే ప్రతి గిగాబైటుకూ ఉంది. డల్లాస్‌లో మన అమ్మాయి ఫొటో తెరిచినా అది బయటికి వెళ్లినట్టే! ఖాతా మూసి పూర్తిగా వెళ్లిపోయేవారికి ఈ మూడు కంపెనీలూ 2024లో ఆ రుసుం తీసేశాయి, కానీ అడిగి తీసుకోవాలి. మా బ్యాంకుల ఫోర్‌క్లోజర్ చార్జీలను తిట్టుకునేవారు ఇది గమనించగలరు. డిజిటల్ ఓషన్ వారి కేంద్రం బెంగళూరులోనే ఉంది. నెలకింతని స్థిరమైన ధర, అందులోనే కొంత రవాణా కలిపి ఇస్తారు. చందాలతో నడిచే సంఘానికి నా ఓటు అలాంటి పద్ధతికే.

ఎవరిని ఎంచుకున్నా రెండో ప్రతి వారి దగ్గరే ఉంచకూడదు. ఫ్రాన్సులోని స్ట్రాస్‌బూర్‌లో ఓవీహెచ్ కేంద్రం 2021 మార్చిలో తగలబడినప్పుడు, వేరేచోట ప్రతి లేని ఖాతాదారులు సర్వం పోగొట్టుకున్నారు. 2024 మేలో ఆస్ట్రేలియాలోని యూనిసూపర్ పింఛను నిధి ప్రైవేట్ క్లౌడ్ గూగుల్ క్లౌడ్‌లో పొరపాటున చెరిగిపోయింది. వేరొక కంపెనీ దగ్గర దాచిన ప్రతి వారిని ఆదుకుంది. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆనాటి లెక్కలు ఫ్లాపీల్లో ఎక్కించి సాయంత్రం ఇంకో బ్రాంచికి పంపేవాళ్లం. ఎంత విసుక్కునేవాణ్ణో!

కనుక క్లౌడులో ఒకటి, కోశాధికారి ఇంట హార్డ్ డిస్కులో ఒకటి ఉంచుదాం. మూడు నెలలకోసారి, సంచిక వచ్చే వారం, తెరిచి చూసే పని నేను చేస్తాను. ఆ నాలుగు ఉగాదుల ఫొటోలు మీ ఫోన్లలోగాని ఆల్బంలోగాని ఉంటే, మసకగా ఉన్నా సరే, దయచేసి వచ్చే నెల సమావేశానికి తీసుకురండి.