పిల్లల మనసు మీద పరిశోధన: ప్రశ్నలు ఎవరు నిర్ణయించాలి?

పిల్లవాడు బడికి వెళ్ళనని మొండికేస్తే దిష్టి తగిలిందని తాయెత్తు కట్టించే వాళ్ళు మా సలాబత్‌పురాలో ఇప్పటికీ ఉన్నారు. మరమగ్గాల మీద బతకడానికి తెలంగాణ నుంచి సూరత్ వచ్చిన కుటుంబాల్లోనూ ఉన్నారు. మన హేతువాదులం వాళ్ళకి "తాయెత్తు మానండి, డాక్టర్ దగ్గరికి వెళ్ళండి" అని చెప్తాం. అది సరైన మాటే. కానీ ఆ డాక్టర్ ఇచ్చే మందు, చెప్పే కౌన్సెలింగ్ ఇలాంటి పిల్లలకి పనిచేస్తాయో లేదో ఎవరు పరీక్షించారు? తాయెత్తుని అడిగిన ప్రశ్నే వీటినీ అడగాలి కదా.

నిమ్హాన్స్ 2015-16లో చేసిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో 13-17 ఏళ్ళ వాళ్ళలో 7.3 శాతం మందికి మానసిక సమస్యలు ఉన్నాయని తేలింది. ఆ సర్వే జరిగిన 12 రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ లేవు. 2019లో తెలంగాణ ఇంటర్ ఫలితాలు వచ్చాక 20 మందికి పైగా విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారు. విశాఖపట్నంలో నీట్ కోచింగ్ తీసుకుంటున్న విద్యార్థిని మరణం కేసులో 2025 జూలైలో సుప్రీం కోర్టు 15 మార్గదర్శకాలు ఇచ్చింది. 100 మంది, అంతకంటే ఎక్కువ విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలో కౌన్సెలర్ ఉండాలన్నది అందులో ఒకటి. మంచిదే. అయితే ఎలాంటి కౌన్సెలర్, ఎన్ని నెలలు, ఏ భాషలో మాట్లాడితే ఉపయోగం? దీనికి జవాబు క్లినికల్ ట్రయల్ మాత్రమే చెప్పగలదు.

బీహార్‌లోని నలందా జిల్లాలో 74 ప్రభుత్వ పాఠశాలల్లో 'సెహర్' అనే ట్రయల్ జరిగింది. 2018లో లాన్సెట్ పత్రికలో దాని ఫలితాలు వచ్చాయి. కొన్ని బడుల్లో శిక్షణ ఇచ్చిన మామూలు మనుషుల్ని కౌన్సెలర్లుగా పెట్టారు. కొన్నింటిలో అదే పని టీచర్లకి అప్పగించారు. కౌన్సెలర్లున్న బడుల్లో పిల్లల దిగులు, బెదిరింపులు తగ్గాయి. టీచర్లు చేసిన చోట చెప్పుకోదగ్గ తేడా రాలేదు. పరీక్షించకపోతే "టీచర్లు ఉన్నారుగా, చాలు" అని ఏ ప్రభుత్వమైనా అనేసేది.

నేను రక్షణ శాఖ పద్దుల్లో పనిచేసి రిటైరైన వాణ్ణి. బిల్లు పాస్ చేసే ముందు ఈ ఖర్చు ఎవరి అవసరం కోసం అని అడగడం మా వృత్తి. పరిశోధనలోనూ అదే అడుగుతున్నాను. మాత్రకి అమ్మేవాడు ఉంటాడు కాబట్టి దాని మీద ట్రయల్‌కి డబ్బు పెట్టేవాడూ దొరుకుతాడు. పిల్లవాడితో కూర్చుని మాట్లాడే వైద్యానికి అమ్మేవాడు లేడు. దానికి ప్రభుత్వమే డబ్బు పెట్టాలి.

నా దృష్టిలో చెయ్యాల్సినవి మూడు:

1. ఏ ప్రశ్న మీద ముందు పరిశోధన చెయ్యాలో డాక్టర్లతో పాటు పిల్లలు, తల్లిదండ్రులు, టీచర్లు కలిసి నిర్ణయించాలి. బ్రిటన్‌లో జేమ్స్ లిండ్ అలయన్స్ 2004 నుంచి రోగులనీ, డాక్టర్లనీ ఒకచోట కూర్చోబెట్టి ఇలాంటి జాబితాలు తయారు చేయిస్తోంది.

2. ప్రశ్నపత్రాలు పిల్లలు ఇంట్లో మాట్లాడే భాషలో ఉండాలి. మన పిల్లలు "డిప్రెషన్" అనరు, "కడుపులో నొప్పి" అంటారు.

3. సమ్మతి నిజమైనది కావాలి. 2009లో ఖమ్మం జిల్లాలో బాలికలకి హెచ్‌పీవీ టీకా ఇచ్చిన ప్రాజెక్టులో చాలా పత్రాల మీద తల్లిదండ్రుల బదులు హాస్టల్ వార్డెన్లు సంతకాలు పెట్టారు. 2010లో ఆ ప్రాజెక్టుని ఆపేశారు. టీకా మంచిదా కాదా అన్నది వేరే చర్చ. అడగకుండా చెయ్యడం మాత్రం తప్పే.

శాస్త్రాన్ని నమ్మమని చెప్పే ముందు, ఆ శాస్త్రం మన పిల్లల్ని కూడా లెక్కలోకి తీసుకునేలా చెయ్యాలి. లేకపోతే తాయెత్తు కట్టేవాడికీ మనకీ తేడా ఏమిటని ఎవరైనా అడిగితే ఏం చెప్తాం?