గాలి అంటుకు వేరు పడితే చాలదు

విజయవాడ పరిసరాల నర్సరీలకు వానాకాలమే గాలి అంట్ల కాలం. పెన్సిలు మందమున్న కొమ్మపై సుమారు మూడు సెంటీమీటర్ల మేర బెరడును వలయంగా తొలగించి, ఐ.బి.ఎ. హార్మోను పూసి, తడిపిన స్పాగ్నమ్ నాచును చుట్టి పాలిథీన్‌తో బిగించి కడితే ఆరు నుంచి ఎనిమిది వారాలలో వేళ్లు కనబడతాయి. మన శిక్షణ తరచు ఇక్కడితో ముగుస్తుంది. ఎన్ని కొమ్మలకు వేరు పడిందన్నదే విజయానికి కొలత అవుతుంది. ఏ పంటకు, ఏ తల్లి చెట్టు నుంచి అన్న ప్రశ్న వెనుకబడుతుంది.

జామ విషయంలో ఈ పద్ధతికి గట్టి సమర్థన ఉంది. విత్తు మొక్కలు తల్లి గుణాలను నిలుపుకోవు గనుక అలహాబాద్ సఫేదా, లక్నో-49 వంటి రకాలను శాఖీయంగానే ప్రవర్ధనం చేయాలి. చెట్టుపై ఉన్నంతకాలం అంటు వేరుకు మట్టి సోకదు. ప్రమాదం సంచిలో నాటిననాడు మొదలవుతుంది. జామ తోటలను ఎండబెడుతున్న వేరుబుడిపె నులిపురుగు కొత్త ప్రాంతాలకు చేరేది ప్రధానంగా నర్సరీ మొక్కల మట్టితోనే. శుద్ధి చేయని మట్టి నింపిన సంచి అంటు కట్టిన నేర్పునంతా వృథా చేస్తుంది.

నిమ్మకు ఈ తర్కం వర్తించదు. నిమ్మ గింజలో బహుపిండత్వం ఎక్కువ. న్యూసెల్లస్ కణజాలం నుంచి పుట్టిన మొక్కలు తల్లిని పోలి ఉండటమే కాక ట్రిస్టిజా వైరస్ లేకుండా వస్తాయి. గాలి అంటు మాత్రం తల్లి కొమ్మలోని వైరస్‌ను తనతో మోసుకొస్తుంది. పైగా తల్లివేరు లేని మొక్క; తుపాను గాలులు వీచే డెల్టాలో అది చిన్న లోపం కాదు. అంటు మొక్క త్వరగా కాపుకు వస్తుందన్న మాట నిజమే, రైతును ఆకర్షించేదీ అదే. అయినా తెనాలి నిమ్మ మార్కెట్‌ను నమ్ముకొని తోటను ఏళ్ల తరబడి నిలపదలచిన రైతుకు ఆ తొందర లాభసాటి బేరం కాదు.

ఇక బ్లూబెర్రీ. కుండీలో ఒక మొక్క బతికితే దానిని గాలి అంటుతో పెంచవచ్చునా అని అడిగే ఔత్సాహికులకు సూటిగా చెప్పాలి: కొమ్మకు వేరు రప్పించవచ్చు గాని, ఉదజని సూచిక 4.5 నుంచి 5.5 వరకు ఉండే ఆమ్ల నేలను క్షార గుణమున్న డెల్టా నల్లరేగడిలో రప్పించలేము. అసలు ఆ పొద లేత కొమ్మ ముక్కలతోనే వేరూనుతుంది. దానికి గాలి అంటు శ్రమ అక్కరలేదు.

గరికపాడు, ఘంటసాల కృషి విజ్ఞాన కేంద్రాల శిక్షణలో తొలి రోజును కత్తికి, నాచుకు కాక తల్లి చెట్టుకు కేటాయించడం మేలు. ఎంపిక చేసిన ప్రతి జామ చెట్టుకు సంఖ్య ఇచ్చి, కొన్నేళ్ల దిగుబడిని, తెగుళ్ల చరిత్రను నమోదు చేయాలి. అమ్మకానికి ముందు సంచుల నుంచి కొన్ని మొక్కలను తీసి వేళ్లలో బుడిపెలున్నాయేమో చూడాలి. రైతుకిచ్చే రసీదుపై తల్లి చెట్టు సంఖ్య ఉండాలి. ఆ సంఖ్య చెప్పలేని నర్సరీ నుంచి మొక్క కొనవద్దని విస్తరణ శాస్త్రవేత్తలు రైతులకు బహిరంగంగానే సలహా ఇవ్వాలి.