గర్భసంచి తీసే ముందు అడగాల్సిన మాటలు

మన వేప్పనపల్లి చుట్టుపక్కల నుంచి మిల్లుకు పోయే అక్కలు నన్ను అడిగే మాట ఒకటుంది: "నలభై అయిదు దాటింది. ముట్టు వస్తే పది పన్నెండు దినాలు ఆగదు. గర్భసంచి తీసేయమంటా ఉండారు. తీయించుకుందునా?"

తొందర పడొద్దు అక్కా. ఈ వయసులో అండం నెలనెలా సరిగ్గా విడుదల కాదు. ప్రొజెస్టెరాన్ హార్మోను తగ్గి, గర్భసంచి లోపొర మందంగా పెరిగి, ఎక్కువగా రాలిపోతుంది. కొందరికి గడ్డలు, పాలిప్, థైరాయిడ్ తేడా ఉంటాయి. కొద్దిమందికి క్యాన్సరు కూడా కావచ్చు. అందుకే ముందు కారణం తెలియాల.

ఎనిమిది దినాలు దాటినా, 21 దినాల లోపే మళ్లీ వచ్చినా, కలయిక తర్వాత రక్తం కనబడినా చూపించుకోండి. ముట్టు నిలిచి ఏడాదైనాక ఒక్క చుక్క కనబడినా ఆలస్యం వద్దు. గంటకొక ప్యాడ్ తడిసిపోతా ఉంటే, కళ్లు తిరుగుతా ఉంటే వెంటనే ఆస్పత్రికి పోవాల. రక్తం తగ్గిన మనిషి నైట్ షిఫ్టులో మెషిన్ దగ్గర నిలబడితే ప్రాణానికే ముప్పు.

డాక్టరు గర్భం ఉందేమో చూస్తారు. హిమోగ్లోబిన్, థైరాయిడ్, స్కానింగ్ చేయిస్తారు. 45 దాటితే లోపొర నుంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపడం ముఖ్యం. "ఆ పరీక్ష చేసినారా?" అని అడగండి, తప్పులేదు.

క్యాన్సరు లేకుంటే చానామందికి మందులతోనే తగ్గుతుంది. ముట్టు దినాల్లో వేసుకునే ట్రనెక్సామిక్ యాసిడ్ ఉంది, హార్మోను మాత్రలున్నాయి, ఏళ్ల తరబడి పనిచేసే హార్మోను లూప్ ఉంది. రక్తం పెరగడానికి ఐరన్ మాత్రలు. కాలి నరాల్లో రక్తం గడ్డకట్టిన వాళ్లు ఆ సంగతి ముందే చెప్పాల. పక్కింటామె మాత్ర మీరు మింగొద్దు.

ఆపరేషన్ కొందరికి తప్పదు. కానీ 2015-16 జాతీయ సర్వేలో 15-49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నోళ్లు దేశంలో నూటికి 3.2 మంది, ఆంధ్రప్రదేశ్‌లో 8.9 మంది. అండాశయాలూ ముందే తీసేస్తే ఎముకలు బలహీనమవుతాయి. అప్పు చేసే ముందు ఇంకో డాక్టరును అడగండి.

2021లో మన జిల్లా సామనపల్లిలో మొదలైన 'మక్కళై తేడి మరుత్తువం' వల్ల బీపీ, షుగర్ మాత్రలు ఇంటికే వస్తాయి. ఈ జబ్బుకు మాత్రం మనమే పోవాల. ముట్టు వచ్చిన తేదీ, ఆగిన తేదీ క్యాలెండర్‌లో రాసి తీసుకుపోండి. అన్నల్లారా, ఆ దినం మీరూ సెలవు పెట్టి తోడు పోండి.