తప్పినది లెక్క కాదు, తర్కము

కోనసీమ బాలుడు తోటలో దింపు జరుగునపుడు కాయల లెక్క, కూలి లెక్క నోటితో తేల్చును. ఆ బాలుడే ఉన్నత పాఠశాలలో నల్లబల్ల యెదుట తడబడును. బుద్ధి చాలదని తలిదండ్రులును, శ్రద్ధ లేదని ఉపాధ్యాయులును వానినే నిందింతురు. వాడు కూడికలో తప్పుట లేదు. ఆలోచనలో తప్పుచున్నాడని మా యభిప్రాయము.

వేయికాయల వెల 10,000 రూపాయలు. అది నూటికి 20 వంతున పెరిగి, పిదప నూటికి 20 వంతున తగ్గెను. తొలివెలయే నిలుచునని పలువురు వ్రాయుదురు. పెరిగినపుడు 12,000 అయినది. దానిలో నూటికి 20 అనగా 2,400. కావున మిగులునది 9,600 మాత్రమే. దేనిలో నూటికి 20 యని వా రడుగుకొనలేదు.

చతురస్రపు తోటకు భుజము రెట్టింపైన వైశాల్యమును రెట్టింపే యందురు, నాలుగురెట్లగును. త్రైరాశికము చెల్లనిచోటను దానినే ప్రయోగించుట యీ తప్పునకు మూలము. గౌతమిపై పడవ గంటకు 12 కిలోమీటర్ల వంతున దిగువకు బోయి, 6 వంతున అదే దూరము ఎగువకు వచ్చెననుడు. సగటు వేగము 9 అని వ్రాయుదురు. దూరము 12 కిలోమీటర్లనుకొన్నచో, మొత్తము 24 కిలోమీటర్లకు 3 గంటలు పట్టినది. సగటు 8 మాత్రమే.

వీనికంటె హానికరమైనది వేరొకటి కలదు. చతురస్రమునకు కర్ణములు సమానములు. కావున కర్ణములు సమానమైన చతుర్భుజమెల్ల చతురస్రమే యని కొందరు నిర్ణయింతురు. దీర్ఘచతురస్రము వారికి గుర్తురాదు. ఈ తర్కముతోడనే పెరిగి పెద్దవాడైనవాడు, దేశభక్తులు ఖద్దరు ధరింతురు గావున ఖద్దరు ధరించినవారెల్ల దేశభక్తులే యని నమ్మి వోటు వేయును. పాఠశాలలో దిద్దని తప్పు ప్రజాస్వామ్యమున ఫలించును.

దోషము బాలునిది గాదు. సూత్రమును కంఠస్థము చేయించి, గైడు పుస్తకమును చేతికిచ్చి, తప్పునకు ఎర్రగీత గీసి విడుచు పద్ధతిదే దోషము. ఏల తప్పెనో యడుగువారు అరుదు. వచ్చిన సమాధానమును మరల పరీక్షించుకొనుటయే తుదిమెట్టని 1945లో జార్జి పోల్యా పండితుడు తన గ్రంథమున బోధించెను. మన పరీక్షలలో ఆ మెట్టునకు మార్కులు లేవు.

తెలుగున గణితము చెప్పుట అసాధ్యమనువారికి పావులూరి మల్లనయే సమాధానము. 9వ శతాబ్దమున మహావీరాచార్యుడు సంస్కృతమున రచించిన గణితసారసంగ్రహమును ఆయన శతాబ్దముల క్రిందటనే తెలుగు పద్యములలోనికి దెచ్చెను. బోధన ఏ మాధ్యమమున జరిగినను, కారణమును బాలుడు తన మాటలలో తెలుగున చెప్పగలుగవలెను.

అమలాపురము, రాజోలు, కొత్తపేటలలోని ఉపాధ్యాయులకు మా విన్నప మొక్కటే. వారమున కొక గంట తప్పు సమాధానములకే కేటాయింపుడు. తప్పిన బాలుని పరిహసింపక, ఎచ్చట దారి తప్పెనో వానిచేతనే చెప్పింపుడు. స్వరాజ్యము 1947లో వచ్చినది. ప్రశ్నించు బుద్ధిని మాత్రము ప్రతి తరమును తానే సంపాదించుకొనవలెను.