గారేజి పాటకాండ్రు

గత సంవత్సరము పై తరగతి బాలురు కొందఱు రెండు గిటారులును ఒక డ్రమ్మును సంపాదించి, సాయంకాలములందు మన సైకిళ్ల కొట్టములో వాయించుకొనుటకు సెలవడిగిరి. ఉపాధ్యాయుల సభలో వలదన్నవారిలో నేనొకడను. సంగీతము నేర్వనివారికి వాద్యములేల యని నా వాదము. ఆ వాదము తప్పని యిప్పుడు తోచుచున్నది. నా మనసు మార్చినవారు అమెరికా దేశపు బాలురు, వారిప్పుడు వృద్ధులు.

1964వ సంవత్సరము ఫిబ్రవరి 9వ తేదీని బీటిల్సు అను నలుగురు ఆంగ్లేయ యువకులు ఎడ్ సలివన్ టెలివిజన్ కార్యక్రమములో పాడగా, సుమారు 7 కోట్ల 30 లక్షలమంది చూచిరి. అటుపిమ్మట ఊరూర హైస్కూలు బాలురు గిటారులు కొని, తండ్రుల కార్లుంచెడి గారేజిలలో వాయింప మొదలిడిరి. మూడు కార్డులు వచ్చినచో బృందము సిద్ధమైనట్లే. గారేజి రాక్ అను పేరు తరువాతివారు పెట్టినది.

అంతకు పూర్వమే, 1963లో, పోర్ట్‌లాండు నగరపు కింగ్స్‌మెన్ రిచర్డ్ బెర్రీ రచించిన "లూయీ లూయీ"ని రికార్డు చేసియుండిరి. మూలమందు అది ప్రియురాలికడకు మరలిపోవు నావికుని పాట. వీరి నోట మాటలెంత అస్పష్టమయ్యెననగా, అందేదో బూతు గలదని ప్రజలు ఫిర్యాదు చేయగా, ఎఫ్.బి.ఐ.వారు విచారించి, ఏ వేగమున త్రిప్పినను మాటలు తెలియరాలేదని తేల్చిరి. ఏటేట జవాబు పత్రములు దిద్దు నాకు ఆ అధికారులపై జాలి కలుగుచున్నది.

మిచిగన్ రాష్ట్రమున, మెక్సికోనుండి కూలికి వచ్చిన కుటుంబముల బిడ్డలు "క్వశ్చన్ మార్క్ అండ్ ది మిస్టీరియన్స్" అను వింతపేరుతో కూడి, 1966లో "96 టియర్స్" పాడిరి. ఆ అక్టోబరులో అది దేశమున మొదటి స్థానము నందెను. పిమ్మట వారికంతటి కీర్తి మరల రాలేదు.

గలగలలాడు గిటారుల తెఱగు వేఱు. బీటిల్సు చలనచిత్రములో జార్జి హారిసన్ చేతి రికెన్‌బ్యాకర్‌ను చూచి, బర్డ్స్ బృందపు మగ్విన్ అట్టిదానినే కొనెను. దానికి పండ్రెండు తీగలు, జంటజంటలుగ నుండును. మందర తీగల నాలుగు జంటలలో ఒక తీగ స్థాయి హెచ్చుగను, తక్కిన రెండు జంటలు సమశ్రుతిగను కట్టుదురు. సమశ్రుతియన్నను రెండు తీగలెన్నడును సరిగా ఒక్కటై పలుకవు. ఆ స్వల్పభేదమే చెవికి గజ్జెల మ్రోతవలె నుండును. 1965లో బర్డ్స్ ప్రసిద్ధులైరి. వారి మొదటి గొప్ప పాటకు కొన్ని నెలలు ముందే అట్టి గలగల ధ్వనితో వినబడిన శాన్‌ఫ్రాన్సిస్కో బో బ్రమ్మెల్సును ఇప్పుడు తలచువారు కొలదిమంది. నాకు వీరే యెక్కువ ఇష్టులు.

ఈ బృందములు పెక్కు రెండు మూడేండ్లలో చెదరిపోయెను. కొందఱిని కాలేజీ పిలిచెను, కొందఱిని వియత్నాము యుద్ధమునకు సర్కారు పిలిచెను. 1972లో లెన్నీ కే అను విమర్శకుడు అట్టి 27 పాటలను "నగ్గెట్స్" అను పేర రెండు రికార్డులుగా కూర్పకున్నచో, వానిలో అనేకము అటకలమీదనే యుండెడివి.

మన దేశమునను 1970, 1971 సంవత్సరములలో సిమ్లా బీట్ పోటీలు జరిగెను. అందు పాడిన యువకుల పాటలు రికార్డులుగ నిలిచినవి. ఆ పోటీలను నడపినవారు సిగరెట్ల వ్యాపారులు! బాలుర ఉత్సాహమునకు చోటిచ్చు పనిని పొగాకు కంపెనీకి విడుచుట విద్యాలయములకు గౌరవమా?

చప్పుడగునందురు, అగును. చదువు చెడునందురు; శనివారము ఒక్క గంటతో చెడు చదువు అంతకుముందే చెడియుండును. చక్కగా వాయింపరందురు. నిజమే, కాని మన బహుమతుల పట్టికలో ఎన్నడును పేరెక్కని బాలురే ఆ నలుగురును. తమంతట తాము కోరి యడిగినది ఇదొక్కటే. ఏప్రిలులో వారిలో ఇద్దఱు పాఠశాల విడిచి పోవుదురు. కావున ఉపాధ్యాయుల సభ ఈ విషయమును జూనువఱకు వాయిదా వేయక, ఈ నెలలోనే మరల చర్చింపవలయునని కోరుచున్నాను. ఈసారి నా చేయి రెండవవైపున లేచును.