ఇనుముకు మైల లేదట!



మా మండల కేంద్రంలో ఇనుప సామాన్ల కొట్టు పెద్దయ్య పోయి నెల దాటింది. బజారు వర్తకులంతా కలిసి ఒక పూట కొట్లు మూసి సంతాప సభ పెట్టారు. ఫోటోకి దండేశారు. మేమూ వెళ్లి వెనక బల్ల మీద కూర్చున్నాం. లేచిన ప్రతివాడూ ఒకటే పాట: "ఎంత మంచివాడండీ, ఏనాడూ కులం ఊసెత్తి ఎరగడు!" మాకు ఒళ్లు మండింది. చావు సభ గదా అని ఊరుకున్నాం. ఇక్కడ ఊరుకోం.

ఆయన ఎత్తలేదు, సరే. ఆయన ముందు మీరు ఎత్తకుండా ఉన్నదెప్పుడు?

మాదిగగూడెంలో పుట్టి, పన్నెండేళ్లకే ఇంకొకళ్ల ఇనుప కొట్లో బస్తాలు మోశాడాయన. బడి మెట్లెక్కలేదు. మేకు చేత్తో తడిమి అంగుళాలు చెప్పేవాడు. కారంచేడు జరిగిన 1985లోనే సొంత కొట్టు తెరిచాడని మా నాన్న చెప్పేవాడు. పారలు, గునపాలు, కొడవళ్లు, తలుపు బందులు, గొళ్లేలు, బావి గిలకలు, ఓ కాటా. అంతే సరుకు.

ఇనుమే ఎందుకని ఒకసారి అడిగాం. "హోటలు పెడితే మన చేతి టీ ఎవడు తాగుతాడ్రా? పాలు పోస్తే ఎవడు పోయించుకుంటాడు? ఉప్పూ పప్పూ అమ్మితే ఎవడు వండుకుంటాడు? ఇనుముకు మైల లేదురా అబ్బాయ్, నిప్పులో కాలి వచ్చింది గదా!" అని నవ్వాడు. మేం నవ్వలేకపోయాం. ఆయన దగ్గర గిలకా చేంతాడూ కొనుక్కుపోయే ఆసాములే ఆయన ఇంటి ఆడవాళ్లని ఆ బావి గట్టెక్కనిచ్చేవాళ్లు కాదు. డబ్బులు చేతికివ్వరు, బల్ల మీద పడేసేవాళ్లు. చిల్లర కూడా బల్ల మీదే పెట్టమనేవాళ్లు. ఇనుముకు లేని మైల ఇనుము అమ్మే చేతికి ఎట్లా వచ్చింది?

బాబాసాహెబ్ అమెరికాలో చదివొచ్చి బొంబాయిలో షేర్ల వ్యాపారానికి సలహాలిచ్చే పని పెట్టుకుంటే, అంటరానివాడని తెలిశాక వచ్చేవాళ్లు ఆగిపోయారు. అంత చదువుకే దిక్కులేదు, చదువులేని మా పెద్దయ్యకు అరువు సరుకు ఎవడిస్తాడు? పక్క కొట్టువాళ్లకి కులమే పూచీకత్తు. మామో బావమరిదో ఒక మాట చెబితే లారీ సరుకు దిగేది. ఈయన మాత్రం రొక్కం మూటగట్టుకుని బస్సెక్కాలి. కొట్టు పెట్టిన ఇరవై ఏళ్లకు గానీ ఒక హోల్‌సేలు వ్యాపారి అరువు రాయలేదు.

అలాంటివాడు మనకి మాత్రం అరువిచ్చాడు. చుండూరులో 1991 ఆగస్టు 6న ఎనిమిదిమందిని చంపడానికి ముందు నడిపింది సాంఘిక బహిష్కరణే. ఆ రోజుల్లో మా పక్క ఊళ్లోనూ మనవాళ్లని పనుల్లోకి రానివ్వలేదు, కొట్లలో సామాను ఇవ్వలేదు. మేమప్పుడు ఐదో తరగతి. రాత్రిపూట మా నాన్న సైకిలు మీద పారలూ తట్టలూ కట్టించుకుపోవడం మాకు గుర్తుంది. అవి పట్టుకుని కాలవ పనులకు దూరం పోయారు జనం. "పని దొరికాకే ఇవ్వండి" అన్నాడట పెద్దయ్య. ఆ సంగతి తెలిసి ఓ పంటకాలమంతా ఆసాములు ఆ కొట్టు గడప తొక్కలేదు. కులం ఊసెత్తనివాడు చేసే పనా ఇది? ఆ బాకీలు వసూలయ్యాయా అంటే, పుస్తకం చెదలు తినేసిందనేవాడు. తినలేదు. మొన్న వాళ్లమ్మాయి తీసి చూపించింది. పేరు పేరునా ఆయనే అడ్డగీత కొట్టి ఉన్నాడు.

ఇప్పుడు గల్లాపెట్టె దగ్గర ఆ అమ్మాయే కూర్చుంటోంది. సభలో కళ్లు తుడుచుకున్న ఓ పెద్దమనిషే వారం తిరక్కుండా పాత బాకీ మొత్తం ఒక్కసారే కట్టమని కబురంపాడు. తండ్రి మీద నమ్మకం కూతురి మీద ఉండదా? 2016 ఏప్రిల్ 5న మొదలుపెట్టిన స్టాండప్ ఇండియాలో దళితులకూ ఆడవాళ్లకూ 10 లక్షల నుంచి కోటి దాకా అప్పన్నారు. అది కొత్తగా పెట్టే వ్యాపారానికే ఇచ్చారు. నలభై ఏళ్లు నిలబెట్టుకున్న కొట్టుకి అందులో చోటు లేకపోయింది.

మనవాళ్ల సంగతీ చెప్పాలి. మన కొట్లో పది రూపాయలకు బేరమాడతాం, పక్క కొట్లో అడిగినంత ఇచ్చి దణ్ణం పెట్టి వస్తాం. ఉద్యోగస్తులమైన మేం ఇల్లు కట్టుకుని ఆరేళ్లయింది. తలుపు బందుల బాకీ 1,150 రూపాయలు ఆయన అడగలేదు, మేం ఇవ్వలేదు. ఆదివారం వెళ్లి కట్టాం. అమ్మాయి పుస్తకం తిరగేసి మా పేరు మీద గీత కొట్టి, "అన్నా, ఇంకా ముప్ఫై పేర్లున్నాయి" అంది. ఆ పేర్లవాళ్లలో ఈ పత్రిక చదివేవాళ్లు ఉన్నారని మాకు తెలుసు. పేటలో అంబేడ్కర్ భవనానికి రేకులూ కిటికీ చువ్వలూ వచ్చే నెలలో కొనాలి. ఎక్కడ కొనాలో సంఘం మీటింగులో మేమే ముందు లేచి చెబుతాం.